కారవాన్ లాగడానికి ఏ కారు? గోదావరి డెల్టా రోడ్ల మీద బరువుల లెక్క

క్లుప్తంగా: కారవాన్ లాగే కారును ఎంచుకునేటప్పుడు ఇంజన్ బలం కంటే ముందు చూడాల్సింది బరువు. సామాను నింపిన కారవాన్ బరువు, ఖాళీ కారు బరువులో 85 శాతం దాటకూడదన్నది బ్రిటన్‌లో కొత్తవారికి ఇచ్చే సలహా. డెల్టాలో కొండలు లేవు కాబట్టి లాగడం పెద్ద కష్టం కాదు. గాలి, వంతెనలు, కాలువ గట్లు, మెత్తటి నేల వల్ల బండిని అదుపులో ఉంచడమే కష్టం. మన దేశంలో చాలా కార్లకు కంపెనీ ఇచ్చే టోయింగ్ పరిమితే (ఎంత బరువు లాగవచ్చన్న హద్దు) ఉండదు. అందువల్ల ఎక్కువ కుటుంబాలకు 750 కిలోల లోపు తేలికపాటి ట్రైలర్ గానీ, అద్దెకు తీసుకునే మోటార్ కారవాన్ గానీ మేలు.

రాష్ట్రంలో కారవాన్ పర్యాటకం మాట ఈ మధ్య తరచుగా వినిపిస్తోంది. 2027లో గోదావరి పుష్కరాలు రానున్నాయి. 2015 పుష్కరాలప్పుడు రాజమహేంద్రవరంలో, కొవ్వూరులో గది దొరక్క ఇబ్బంది పడినవాళ్లకు, కారు వెనక చిన్న ఇల్లు తగిలించుకుని వెళ్లిపోవచ్చన్న ఆలోచన నచ్చడంలో వింత లేదు. అంతర్వేది, ఓడలరేవు, పేరుపాలెం బీచ్‌ల దగ్గర రాత్రి బస అంటే ఇప్పటికీ వెతుక్కోవాల్సిన పనే. దాంతో "మా కారు కారవాన్‌ను లాగుతుందా?" అన్న ప్రశ్న మొదలైంది. దీనికి షోరూముల్లో సాధారణంగా వచ్చే జవాబు టార్క్, అంటే ఇంజన్ తిప్పే బలం, అంకె. నాలుగు వందల న్యూటన్ మీటర్లు ఉంది కదా, ఏదైనా లాగేస్తుందంటారు. ఆ మాటలో అబద్ధం లేదు. కానీ అడగాల్సిన ప్రశ్నకు అది జవాబు కాదు.

కారవాన్‌లు రెండు రకాలు

తెలుగువాళ్లకు కారవాన్ అనగానే గుర్తొచ్చేది షూటింగ్ దగ్గర హీరోల కోసం నిలబెట్టే బస్సులాంటి బండి. అది మోటార్ కారవాన్. ఇంజన్, పడక, వంటగది అన్నీ ఒకే ఛాసిస్ మీద ఉంటాయి. కేంద్ర పర్యాటక శాఖ 2010 ప్రాంతంలో కారవాన్ విధానం తెచ్చినప్పుడు గానీ, కేరళ 2021లో తన కారవాన్ పథకాన్ని మొదలుపెట్టినప్పుడు గానీ ప్రధానంగా దృష్టి పెట్టింది ఈ రకం మీదే. దీనికి ఏఐఎస్-124 అనే ప్రత్యేక ప్రమాణం కూడా ఉంది.

రెండోది కారు వెనక తగిలించి లాగే కారవాన్. బ్రిటన్, జర్మనీ, ఆస్ట్రేలియాల్లో ఇది మామూలు కుటుంబాల సెలవుల బండి. మన దగ్గర చేసేవాళ్లు తక్కువ, వాడేవాళ్లు ఇంకా తక్కువ. దాంతో సమాచారమంతా విదేశీ యూట్యూబ్ వీడియోల నుంచే వస్తోంది. అక్కడే గందరగోళం మొదలవుతుంది. అమెరికా వీడియో ఒక లెక్క చెబుతుంది, బ్రిటన్ వీడియో ఇంకో లెక్క చెబుతుంది. రెండూ తమ తమ దేశాల్లో సరైనవే. ఆ కార్లు, ఆ రోడ్లు, ఆ వేగ పరిమితులు మాత్రం మనవి కావు.

ముందు కారవాన్ బరువు, ఆ తర్వాతే కారు

చాలామంది ఉన్న కారుకు తగ్గ కారవాన్ కోసం గానీ, మనసుపడ్డ కొత్త కారు కొనేసి తర్వాత కారవాన్ కోసం గానీ వెతుకుతారు. అసలు లెక్క కారవాన్ దగ్గర మొదలవ్వాలి. అది కూడా కేటలాగ్‌లో రాసిన ఖాళీ బరువుతో కాదు, సామాను నింపాక ఉండే బరువుతో.

ఇద్దరు పడుకునే చిన్న కారవాన్ ఖాళీగా 900 కిలోలు ఉందనుకుందాం. తీర ప్రాంతంలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి కాబట్టి మంచినీళ్లు వెంట తీసుకెళ్లక తప్పదు. వంద లీటర్ల ట్యాంకు నింపితే వంద కిలోలు. నిండు గ్యాస్ బండ, 14.2 కిలోల గ్యాసుతో, ఇనుముతో కలిపి 30 కిలోల దాకా తూగుతుంది. ఫ్యాన్లు, లైట్లు, చిన్న ఫ్రిజ్ నడవడానికి ఇళ్లలో వాడే 150 ఏహెచ్ ఇన్వర్టర్ బ్యాటరీ పెడితే ఇంకో 55 కిలోలు. పరుపులు, దుప్పట్లు, బట్టలు, గిన్నెలు, బియ్యం, పిల్లల సామాను, వచ్చేటప్పుడు దారిలో ఎక్కించే రెండు కొబ్బరికాయల బస్తాలు కలిపి 150 కిలోలకు తగ్గవు. మొత్తం 1,235 కిలోలు. కేటలాగ్‌లోని 900 అంకె చూసి కారు ఎంచుకున్నవారు మూడు వందల కిలోలకు పైగా లెక్క తప్పినట్టే.

ఇప్పుడు 85 శాతం సూత్రం. 1,235ను 0.85తో భాగిస్తే 1,453 వస్తుంది. అంటే కారు ఖాళీ బరువు కనీసం 1,450 కిలోలు ఉండాలి. చిన్న హ్యాచ్‌బ్యాక్‌లు, కాంపాక్ట్ ఎస్‌యూవీలు ఇక్కడే పక్కకు తప్పుకుంటాయి. ఎస్‌యూవీ అన్న పేరు చూసి మోసపోవద్దు. క్రెటా తరగతి బండ్లు 1,300 కిలోల అటూ ఇటూ ఉంటాయి. జిమ్నీ సుమారు 1,200 కిలోలే. అడవి దారిలో అది ఎక్కడికైనా ఎక్కుతుందన్న మాట నిజమే గానీ, వెనక తనకంటే బరువైన పెట్టె ఉంటే ఆ నైపుణ్యం అక్కరకు రాదు.

ఈ 85 శాతం చట్టం కాదు, సలహా. అనుభవం పెరిగాక వంద శాతం దాకా వెళ్లేవాళ్లు ఉన్నారు. ఆ సలహా వెనక కారణం మాత్రం తెలిసి ఉండాలి. ముందున్న బండి బరువుగా ఉంటేనే వెనకది పక్కకు తోసినప్పుడు తట్టుకుని నిలబడగలదు. మెరకలో లాగే శక్తికి దీనితో సంబంధం లేదు.

ఇంజన్ ఎంత ఉండాలి

సుమారు లెక్క ఒకటి వేసి చూద్దాం. కారు, కారవాన్, మనుషులు, సామాను కలిపి 3,200 కిలోలు అనుకుందాం. చదునైన తారు రోడ్డు మీద గంటకు 70 కిలోమీటర్ల వేగంతో వెళ్లాలంటే చక్రాల దగ్గర 28 హార్స్‌పవర్ చాలు. అదే 90 కిలోమీటర్లకు పెంచితే 50 దాటుతుంది. గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది, కారవాన్ ముఖమేమో గోడలా నిటారుగా ఉంటుంది. అదనంగా ఖర్చయ్యే డీజిల్ ఎక్కువ భాగం ఈ గాలిని చీల్చడానికే పోతుంది. కారవాన్ లాగితే మైలేజీ బాగా పడిపోతుందంటే కారణం బరువు ఒక్కటే కాదు, వేగం కూడా.

వంద మీటర్లకు ఐదు మీటర్లు ఎక్కే మెరక మీద అదే 70 వేగం నిలబెట్టాలంటే 28 కాస్తా 70 హార్స్‌పవర్ దగ్గరికి వెళ్తుంది. బొలెరో ఇంజన్ మొత్తం బలమే 75. వంతెన అప్రోచ్ ఎక్కుతున్నప్పుడు దాని దగ్గర మిగులు ఏమీ ఉండదని ఈ అంకెలే చెబుతున్నాయి. అయినా అది ఆగిపోదు, గేరు తగ్గించి నలభైలో ఎక్కేస్తుంది. కాలువ గట్టు రోడ్డు మీద అది సమస్యే కాదు. జాతీయ రహదారి 16 మీద, వెనక నుంచి చేపల లారీ హారన్ కొడుతుంటే మాత్రం టెన్షనే.

అందుకే డెల్టాలో మామూలు ప్రయాణాలకు 120 నుంచి 150 హార్స్‌పవర్, 300 న్యూటన్ మీటర్లకు పైబడిన టార్క్ ఉన్న డీజిల్ సరిపోతుంది. టర్బో డీజిల్‌లో ఆ టార్క్ 1,500 నుంచి 2,000 ఆర్‌పీఎం దగ్గరే దొరుకుతుంది కాబట్టి బండి కదిలేటప్పుడు క్లచ్‌ను ఎక్కువసేపు నలపాల్సిన పని ఉండదు. టర్బో లేని పెట్రోల్ ఇంజన్ అదే పని చేయాలంటే నాలుగు వేల ఆర్‌పీఎంకు పైన అరవాలి. రంపచోడవరం దాటి మారేడుమిల్లి ఘాట్ ఎక్కే ఆలోచన ఉంటే లెక్క మారుతుంది. అప్పుడు ఎక్కడం కంటే దిగడం గురించి ఎక్కువ ఆలోచించాలి. కింది గేరులో ఇంజన్ బ్రేకింగ్ బలంగా ఇచ్చే బండి కావాలి.

ఎలక్ట్రిక్ కార్ల సంగతి రెండు మాటల్లో తేలిపోతుంది. టార్క్ పుష్కలం, బరువూ కావలసినంత. కానీ కారవాన్ తగిలిస్తే రేంజ్ దాదాపు సగానికి పడిపోతుంది. పైగా ఛార్జింగ్ స్టేషన్‌లో కారవాన్‌ను విప్పి పక్కన పెట్టకుండా ఛార్జర్ దగ్గరికి చేరడం చాలా చోట్ల కుదరదు.

వెనక బండి ఊగడం ఎందుకు మొదలవుతుంది

టోయింగ్‌లో అసలు ప్రమాదం ఇదే. పక్కగాలి ఒక్కసారిగా తగిలినా, పెద్ద లారీ ఓవర్‌టేక్ చేసినా, గుంత తగిలినా కారవాన్ వెనక భాగం కొద్దిగా పక్కకు జరుగుతుంది. హిచ్ (కారవాన్‌ను కారుకు తగిలించే కొక్కెం) దగ్గర అది కారు వెనక భాగాన్ని వ్యతిరేక దిశలోకి తోస్తుంది. కారు సర్దుకునేలోపు కారవాన్ అటు నుంచి ఇటు వస్తుంది. తక్కువ వేగంలో టైర్ల రాపిడి వల్ల ప్రతి ఊపూ ముందుదాని కంటే చిన్నదై రెండు మూడు ఊపులకు ఆగిపోతుంది. వేగం పెరిగేకొద్దీ ఈ అణిగే గుణం తగ్గుతూ, ఒక హద్దు దాటాక ప్రతి ఊపూ ముందుదాని కంటే పెద్దదవుతుంది. అక్కడి నుంచి కారవాన్ తిరగబడడానికి పట్టేది కొద్ది సెకన్లే.

ఆ హద్దు ఎక్కడుంటుందన్నది నాలుగైదు విషయాల మీద ఆధారపడుతుంది. కారు బరువు, కారు ముందు వెనక చక్రాల మధ్య దూరం (వీల్‌బేస్), వెనక ఇరుసు నుంచి హిచ్‌కు ఉన్న దూరం, టైర్లలో గాలి, కారవాన్‌లో సామాను ఎక్కడ పెట్టారన్నది. వీల్‌బేస్ పొడవుగా ఉండి, వెనక ఇరుసు నుంచి హిచ్ దగ్గరగా ఉన్న కారు నిలకడగా ఉంటుంది. ఫార్చ్యూనర్ వీల్‌బేస్ 2,745 మిల్లీమీటర్లు, ఇన్నోవా క్రిస్టా, స్కార్పియో-ఎన్‌లవి 2,750. జిమ్నీది 2,590. హైలక్స్ పికప్‌ది 3,085. పికప్‌లో ఒక తిరకాసు ఉంది. వీల్‌బేస్ పొడవుగా ఉన్నట్టే, వెనక ఇరుసు దాటి తొట్టి కూడా బాగా వెనక్కి పొడుచుకొచ్చి ఉంటుంది. పొడవు వల్ల వచ్చిన లాభంలో కొంత అక్కడే పోతుంది.

ఊపు మొదలైతే స్టీరింగ్ తిప్పి సరిచేయాలనిపిస్తుంది, లేదా బ్రేకు మీద కాలు పడుతుంది. రెండూ పరిస్థితిని చెడగొట్టేవే. స్టీరింగ్‌ను నిటారుగా పట్టుకుని యాక్సిలరేటర్ వదిలేయాలి, వేగం తగ్గితే ఊపు దానంతటదే అణుగుతుంది. బ్రిటన్‌లో ట్రైలర్ లాగే కార్లకు మామూలు రోడ్ల మీద గంటకు 50 మైళ్లు, అంటే 80 కిలోమీటర్లు. జర్మనీలో సాధారణంగా 80 కిలోమీటర్ల పరిమితి పెట్టింది అందుకే. డెల్టా రోడ్ల మీద 60 నుంచి 70 మధ్య ఆగడం మంచిది. 60 నుంచి 80కి వెళ్తే బండిలో ఉన్న గతిశక్తి 78 శాతం పెరుగుతుంది, ఆగేటప్పుడు ఆ భారమంతా బ్రేకుల మీదే పడుతుంది.

హిచ్ మీద పడే బరువు

కారవాన్ ఇరుసుకు ముందు, వెనక పెట్టిన సామాను కావడిలా తూగుతుంది. ముందు బరువు మరీ తక్కువైతే హిచ్ పైకి లేవడానికి చూస్తుంది, ఊగడం తేలిగ్గా మొదలవుతుంది. మరీ ఎక్కువైతే కారు వెనక భాగం కుంగిపోతుంది. బ్రిటన్‌లో హిచ్ మీద పడే ఈ బరువు (ముక్కు బరువు), కారవాన్ మొత్తం బరువులో 5 నుంచి 7 శాతం ఉండాలంటారు. అమెరికాలో 10 నుంచి 15 శాతం అంటారు. రెండు వీడియోలు చూసినవారికి ఏది నమ్మాలో తెలియదు. తేడాకు కారణం బండ్లే. యూరప్ కార్లు చాలావాటిలో హిచ్ మీద అనుమతించే నిలువు బరువు 75 నుంచి 100 కిలోలే. అమెరికా పికప్‌లు అంతకు ఎన్నో రెట్లు మోస్తాయి, అక్కడి ట్రైలర్ల ఇరుసులు కూడా ఇంకాస్త వెనక్కి ఉంటాయి, అక్కడి వేగాలూ ఎక్కువ. మన కార్ల విషయంలో సస్పెన్షన్ తీరు చూస్తే యూరప్ లెక్కే దగ్గర.

ఈ బరువు కారుకు ఏం చేస్తుందో దగ్గరగా చూడాలి. హిచ్ మీద 80 కిలోలు పడింది. హిచ్ వెనక ఇరుసుకు 1.1 మీటర్ల వెనక ఉంది, కారు వీల్‌బేస్ 2.75 మీటర్లు. అప్పుడు వెనక చక్రాల మీద పెరిగే బరువు 80 కాదు, 112 కిలోలు. ముందు చక్రాల మీద 32 కిలోలు తగ్గుతుంది. ముందు చక్రాలతో నడిచే కారైతే ఆ 32 కిలోల పట్టు పోయినట్టే. వాన పడి జారుడుగా ఉన్న గట్టు ర్యాంపు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు ఉన్నచోటే తిరగడానికి ఈ కాస్త చాలు. వెనక చక్రాలతో నడిచే ఇన్నోవా క్రిస్టా, స్కార్పియో, బొలెరో లాంటి బండ్లకు అదే బరువు ఉపకారమవుతుంది. డెల్టాలో ఈ పాతకాలపు అమరికకు విలువ ఉండడానికి ఇదొక కారణం.

ఇక డిక్కీ. వెనక సీటులో ముగ్గురు, డిక్కీ నిండా సామాను, దానికి తోడు హిచ్ మీది ఈ 80 కిలోలు. కారు మొత్తం మోయగల బరువు హద్దును చాలామంది ఇక్కడే దాటేస్తారు, దాటిన సంగతి కూడా తెలియదు. తెలుసుకోవడం డెల్టాలో చాలా తేలిక. రైస్ మిల్లుల దగ్గర, చేపల ప్యాకింగ్ కేంద్రాల దగ్గర వేబ్రిడ్జి కాటాలకు కొదవ లేదు. మనుషులతో, సామానుతో కారును ఒకసారి, కారవాన్‌ను విడిగా ఒకసారి తూచి రసీదు తీసుకోవాలి. ముక్కు బరువుకు వేబ్రిడ్జి పనికిరాదు, అంత చిన్న బరువు అందులో సరిగ్గా తేలదు. కారవాన్‌ను చదునైన నేల మీద నిలిపి, ముందు భాగం కింద బలమైన చెక్క ఒకటి నిలబెట్టి దాన్ని ఇంట్లో మనుషులు తూగే మిషన్ మీద ఆనిస్తే చాలు. అంకె ఎక్కువగా వస్తే నీళ్ల డబ్బాలు ఇరుసు వెనక్కి, తక్కువగా వస్తే ముందుకు జరపాలి.

డెల్టా రోడ్లు పెట్టే పరీక్షలు

పటంలో చూస్తే ధవళేశ్వరం దిగువన అంతా చదునే. నేల మీద అలా ఉండదు. గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయలు, వాటి మధ్య కాలువలు, ఆ కాలువల మీద వందలాది చిన్న వంతెనలు. రావులపాలెం, సిద్ధాంతం దగ్గర హైవే వంతెనలు వెడల్పుగా ఉంటాయి. యానాం–ఎదుర్లంక, దిండి–చించినాడ వంతెనల మీద ఇబ్బంది గాలి. సముద్రం దగ్గర కావడంతో మధ్యాహ్నం నుంచి గాలి పక్కవాటుగా కొడుతుంది. అదే సమయంలో ఎదురుగా బస్సు వచ్చిందంటే అది ముందుకు నెట్టే గాలి మొదట కారవాన్‌ను బయటకు తోస్తుంది, దాటిపోగానే లోపలికి లాగుతుంది. తేలికపాటి కారుకు ఇది తెలిసొచ్చేది ఇలాంటి చోటే. తుపాను కాలమైన అక్టోబర్, నవంబర్, డిసెంబర్ నెలల్లో వాతావరణ హెచ్చరిక ఉందంటే కారవాన్ ఇంట్లోనే ఉండాలి, ఇందులో మినహాయింపు లేదు.

వెడల్పు ఇంకో చిక్కు. మన దేశంలో ఒంటి వరుస రోడ్డు ప్రామాణిక వెడల్పు 3.75 మీటర్లు. కారవాన్ వెడల్పు రెండు మీటర్లకు పైనే. అటు కాలువ, ఇటు చేలు, ఎదురుగా వరిగడ్డి వేసుకొచ్చే ట్రాక్టర్. ఎవరో ఒకరు వెనక్కి వెళ్లాలి. ట్రాక్టర్ డ్రైవర్‌కు ట్రక్కుతో రివర్స్ చేయడం రోజూ చేసే పనే. కారవాన్ కొత్తగా కొన్నవారికి అది తెలియని విద్య, స్టీరింగ్ ఎటు తిప్పితే వెనక బండి దానికి ఎదురుగా తిరుగుతుంది. వెనకటి కెమెరా ఉన్నా కారవాన్ అడ్డం వస్తుంది. అందుకే పొడిగించిన సైడ్ మిర్రర్లు విలాసం కాదు. కారవాన్ చక్రాలు మలుపులో కారు చక్రాల కంటే లోపలికి కోస్తాయి, లాకుల దగ్గర మలుపుల్లో పిట్టగోడ ఉన్న వైపు ఇది గుర్తుంచుకోవాలి.

గట్టు మీద నుంచి ఊళ్లోకి దిగే ర్యాంపులు పొట్టివి, నిటారైనవి. కారు దిగి చదునుకు రాగానే, కారవాన్ ఇంకా వాలు మీదే ఉన్నప్పుడు, హిచ్ నేలకు రాసుకుంటుంది. నరసాపురం–సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కేటప్పుడూ ఇదే ఇబ్బంది. అసలు జంట బండిని పంటు మీదకు ఎక్కించే ప్రయత్నం కంటే చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్లడమే తెలివి. హిచ్ ఎత్తు నేల నుంచి 40 సెంటీమీటర్ల దరిదాపుల్లో ఉండాలి. కారు మరీ ఎత్తుగా ఉంటే కారవాన్ ముక్కు పైకెత్తి, దాని వెనక భాగం నేలకు దగ్గరవుతుంది.

నేల సంగతి వేరే చెప్పనక్కర్లేదు. ఒండ్రు మట్టి ఎండాకాలంలో సిమెంటులా ఉండి, ఒక్క వానకే అడుసవుతుంది. తారు మీద చక్రం దొర్లడానికి అయ్యే నిరోధానికి తడి బంకమట్టి మీద ఎన్నో రెట్లు ఎక్కువ అవుతుంది. కొబ్బరితోటలో రాత్రి నిలిపిన కారవాన్ తెల్లారేసరికి దిగబడితే ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్న కారు కూడా లాగలేకపోవచ్చు. ఫోర్ వీల్ డ్రైవ్ మంచిదే. అయితే దాని కోసం లక్షలు పెట్టే ముందు, కారవాన్ నిలిపే చోట గట్టి నేల వెతుక్కోవడం ఖర్చు లేని పరిష్కారమన్నది గుర్తుంచుకుంటే చాలు. గోదావరికి వరద వచ్చే జులై, ఆగస్టు నెలల్లో లంక గ్రామాల కాజ్‌వేలు మునుగుతాయి కాబట్టి అటు వెళ్లే పనే పెట్టుకోకూడదు.

ఉప్పుగాలి సంగతి చాలామంది చెప్పరు. తీర ప్రాంతంలో హిచ్ బ్రాకెట్ వెల్డింగులు, లైట్ల ప్లగ్గులు, కారవాన్ బ్రేకు లింకేజీలు తొందరగా తుప్పుపడతాయి. వెనక బండి ఇండికేటర్ వెలగడం లేదని తెలిసేది ఎవరో వెనక నుంచి వచ్చి గుద్దాకే.

గేరు బాక్సు

బండిని గట్టు మీదకు రివర్స్‌లో ఎక్కించడం క్లచ్‌కు అతి పెద్ద పరీక్ష. రివర్స్‌లో వెళ్లాల్సిన వేగం నడక కంటే తక్కువ. డ్రైవర్ క్లచ్‌ను సగంలో పట్టి ఉంచుతాడు. రెండు నిమిషాల్లో మాడు వాసన వస్తుంది. టార్క్ కన్వర్టర్ ఉన్న ఆటోమేటిక్‌లో ఈ బాధ లేదు. అక్కడ ద్రవమే శక్తిని మోస్తుంది, కదిలే క్షణంలో టార్క్‌ను పెంచి ఇస్తుంది కూడా. కాకపోతే ఆ ద్రవం వేడెక్కుతుంది కాబట్టి ఆయిల్ కూలర్ ఉందా అని చూడాలి. డ్యూయల్ క్లచ్ గేరు బాక్సులు పాకుడు వేగంలో వేడెక్కి హెచ్చరిక చూపిస్తాయి. ఏఎంటీ అంటే మాన్యువల్ క్లచ్‌నే మర చేత నొక్కించడం, కారవాన్‌కు అది చివరి ఎంపిక. స్కార్పియో-ఎన్ డీజిల్ పెద్ద ఇంజన్ రూపంలో మాన్యువల్‌కు 370, ఆటోమేటిక్‌కు 400 న్యూటన్ మీటర్లు ఇస్తారు. ఫార్చ్యూనర్ 2.8 డీజిల్‌లో ఆ అంకెలు 420, 500. రెండింటిలోనూ ఆటోమేటిక్‌కే ఎక్కువ అన్నది గమనించాల్సిన విషయం.

అయితే ఏ కారు

900 కిలోల ఖాళీ బరువున్న చిన్న కారవాన్‌కు ఇన్నోవా క్రిస్టా, స్కార్పియో-ఎన్ డీజిల్ బరువు లెక్కలోనూ, బలం లెక్కలోనూ సరిపోతాయి. క్రిస్టా 2.4 డీజిల్ 343 న్యూటన్ మీటర్లు ఇస్తుంది, మాన్యువల్ మాత్రమే. నలుగురైదుగురు పడుకునే 1,500 కిలోల పైబడిన కారవాన్ అయితే ఫార్చ్యూనర్, హైలక్స్, ఇసుజు వి-క్రాస్ స్థాయికి వెళ్లాలి. ఇవన్నీ నిచ్చెన ఛాసిస్ బండ్లు. హిచ్‌ను ఇనుప ఛాసిస్‌కే బిగించవచ్చు. విడిగా ఛాసిస్ లేని మోనోకాక్ కారులో అయితే కింద రేకు భాగాలకు బిగించాలి, కంపెనీ ముందుగా ఇచ్చిన బోల్టు స్థానాలు లేకపోతే అది పెద్ద రిస్కు. ఊళ్లో వెల్డింగ్ షాపు ఎంత నైపుణ్యం ఉన్నదైనా, ట్రాక్టర్ ట్రక్కు కొక్కెం చేసే చేయి ఎంత గట్టిదైనా, కారు హిచ్ పరీక్షించి ధ్రువీకరించినదే అయి ఉండాలి.

ఇక్కడ పెద్ద మెలిక ఉంది. జిమ్నీకి విదేశాల్లో బ్రేకులున్న ట్రైలర్‌ను 1,300 కిలోల దాకా లాగే అనుమతి ఉంది. హైలక్స్‌కు ఆస్ట్రేలియాలో కొన్ని రూపాలకు 3,500 కిలోలు. అదే పేరున్న కారు మన దగ్గర కూడా అమ్ముతున్నారు కదా అని ఆ అంకెను తెచ్చి వాడడం తప్పు. గేరు నిష్పత్తులు, కూలింగ్ అమరిక, వెనక స్ప్రింగులు, కంపెనీ పరీక్షలు దేశాన్ని బట్టి మారుతాయి. భారత మాన్యువల్‌లో టోయింగ్ పరిమితి రాసి ఉందా, లేదా ట్రైలర్ లాగొద్దని రాసి ఉందా అన్నదే చెల్లుతుంది. ఏమీ రాయకపోతే కంపెనీకి ఈ-మెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తీసుకోవాలి. షోరూమ్ కుర్రాడి నోటి హామీ వారంటీ తగాదాలో నిలబడదు.

కాగితాలు

మోటారు వాహనాల చట్టం 1988 దృష్టిలో ట్రైలర్ కూడా రిజిస్ట్రేషన్ కావాల్సిన బండే. సెక్షన్ 61 ప్రకారం ట్రైలర్‌కు దాని సొంత నంబరు ఉండాలి, లాగే బండి నంబరు కూడా దాని మీద కనిపించాలి. మన దేశంలో ట్రైలర్లను మొత్తం బరువును బట్టి విభజిస్తారు. 750 కిలోల లోపువి టీ1, ఆపైన 3,500 దాకా టీ2. కొనే ముందు తయారీదారు దగ్గర ఆ మోడల్‌కు టైప్ ఆమోదం పత్రం ఉందో లేదో చూడాలి. పత్రం లేని కారవాన్‌ను బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు నిలబెడితే రిజిస్ట్రేషన్ కాదు, కొన్న డబ్బు పెరట్లో షెడ్డుగా మిగులుతుంది. బీమా పాలసీలో ట్రైలర్‌ను విడిగా చూపించి ప్రీమియం కట్టాలి. కారుకు హిచ్ బిగించిన విషయం కూడా బీమా కంపెనీకి ముందే చెప్పాలి, చెప్పని మార్పును సాకుగా చూపి క్లెయిమ్ నిలిపేసే అవకాశం ఉంది.

750 కిలోల గీత యూరప్‌లోనూ ముఖ్యమే. ఆ లోపు ట్రైలర్లకు అక్కడ సొంత బ్రేకులు తప్పనిసరి కాదు. అది దాటితే కారవాన్‌కు ఓవర్‌రన్ బ్రేకు ఉండాలి, కారు వేగం తగ్గగానే కారవాన్ ముందుకు తోసే ఒత్తిడితోనే దాని బ్రేకులు పడతాయి. హిచ్ ఊడిపోతే బ్రేకును లాగే తెగుడు తీగ కూడా ఉండాలి. డెల్టా వాడకానికి 600, 700 కిలోల్లో తేలిపోయే, పైకప్పు మడత పడే క్యాంపర్ ట్రైలర్ తీసుకున్నా దానికి బ్రేకులు ఉన్న రూపమే ఎంచుకోవడం మేలు. అప్పుడు ఇంట్లో ఉన్న క్రిస్టా గానీ, పాత స్కార్పియో గానీ చాలు, కొత్త కారు అక్కర్లేదు. ఏడాదికి ఒకటి రెండు ప్రయాణాలే అయితే సొంతంగా కొనడం కన్నా మోటార్ కారవాన్ అద్దెకు తీసుకుంటే రిజిస్ట్రేషన్, నిలపడానికి చోటు, తుప్పు వంటి బాధలు తప్పుతాయి.

కొనాలనే నిర్ణయించుకున్నవారు పాత కారు చూస్తుంటే రేడియేటర్, క్లచ్, వెనక స్ప్రింగులు మొదట పరిశీలించాలి. ఏసీ వేసి, నలుగురిని ఎక్కించి, మే నెల మధ్యాహ్నం వంతెన అప్రోచ్ మీద రెండో గేరులో ఎక్కిస్తే ఉష్ణోగ్రత ముల్లు ఎక్కడుందో కనిపిస్తుంది. కొన్నాక మొదటి ప్రయాణం ఖాళీ కారవాన్‌తో, ఉదయం పూట, గాలి లేని వేళ చేయాలి. యాభై కిలోమీటర్లు నడిచాక ఆపి చక్రాల నట్లు మళ్లీ బిగించాలి, చక్రం మధ్య భాగం దగ్గర చేయి పెట్టి చూడాలి. రెండు వైపులా ఒకే మాదిరి గోరువెచ్చగా ఉంటే సరే, ఒకటి మాత్రం చేయి పెట్టలేనంత వేడిగా ఉంటే బేరింగో బ్రేకో పట్టేసినట్టు, అక్కడి నుంచి ముందుకు వెళ్లకూడదు.